టిహువానా గేటు దగ్గర ఎవరూ అడగరు కదా అని బయల్దేరవచ్చా?

ప్రశ్న: మేము దక్షిణ కాలిఫోర్నియాలోని అర్వైన్‌లో ఉంటున్నాం. నాది హెచ్-1బీ. పాస్‌పోర్టులోని వీసా స్టాంపింగ్ గడువు కిందటేడాది ముగిసింది. కంపెనీ ఎక్స్‌టెన్షన్ వేయడంతో 2027 దాకా చెల్లే అప్రూవల్ నోటీసు ఐ-797 చేతిలో ఉంది. నా భార్య ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వచ్చి, పెళ్లయ్యాక ఇక్కడే, హెచ్-1బీవారి జీవిత భాగస్వాములకిచ్చే హెచ్-4కు మారింది. ఆమె పాత వీసా గడువు కూడా తీరిపోయింది. గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసిన పిటిషన్, అంటే ఐ-140, అప్రూవ్ అయింది గాని గ్రీన్‌కార్డు దరఖాస్తు ఐ-485 ఇంకా వేయలేదు. గుంటూరు నుంచి అమ్మానాన్నలు పదేళ్ల విజిటర్ వీసా మీద వచ్చి మాతో ఉన్నారు. రాబోయే లాంగ్ వీకెండ్‌లో నలుగురం కారులో మెక్సికో సరిహద్దు నగరం టిహువానా మీదుగా తీరపట్టణం ఎన్సెనాడా వెళ్లి, రెండు రాత్రులు ఉండి వద్దామనుకున్నాం. మెక్సికో వైపు పర్యాటక పత్రం ఒకటి తీసుకోవాలని ఎక్కడో చదివాను. ఆఫీసులో అమెరికన్ మిత్రులను అడిగితే నవ్వేశారు. ఇరవై ఏళ్లుగా వెళ్లి వస్తున్నామనీ, ఏనాడూ ఎవరూ కారు ఆపలేదనీ, ఆ పత్రం ఎలా ఉంటుందో కూడా తెలియదనీ అన్నారు. ముప్ఫై రోజుల లోపు వెళ్లి వస్తే పాత వీసాతోనే అమెరికాలోకి తిరిగి రానిస్తారని మరో తెలుగు మిత్రుడు ధైర్యం చెప్పాడు. వీళ్ల మాట నమ్మి బయల్దేరవచ్చా? పనిలో పనిగా, సరిహద్దు దాటి వస్తే అమ్మానాన్నలకు మరో ఆరు నెలలు కలిసివస్తాయా?
– పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకుడు

సమాధానం: మీ అమ్మగారికి, నాన్నగారికి ఈ ప్రయాణానికి అడ్డేమీ లేదు. మీరూ మీ శ్రీమతీ మాత్రం మెక్సికో వీసా తీసుకోకుండా వెళ్లకూడదు. గేటు దగ్గర ఎవరూ ఆపకపోవచ్చు, ఆ మాట నిజమే. అయినా ఈ లాంగ్ వీకెండ్ ప్రయాణాన్ని మీరిద్దరూ మానుకోవాలనే నా సలహా.

మీ ఆఫీసు మిత్రులు తాము చూసిందే చెప్పారు, వారిని తప్పుపట్టనక్కరలేదు. అయితే వారు చెప్పినది అమెరికా పాస్‌పోర్టు చేతిలో ఉన్నవారి అనుభవం. అమెరికా పౌరులు పర్యటనకు వెళ్లడానికి మెక్సికో వీసా అడగదు. కాబట్టి ఆ పర్యాటక పత్రం తీసుకోకుండా వెళ్లినప్పుడు వారు ఎగవేస్తున్నది ఒక్క నమోదును మాత్రమే, దేశంలో ప్రవేశించే అర్హత వారికి ఎలాగూ ఉంది. భారతీయ పాస్‌పోర్టు మీద వెళ్లే మీకు ఆ అర్హతే వీసాతోనో, దానికి బదులుగా మెక్సికో అంగీకరించే మరో ఆధారంతోనో వస్తుంది. ఒకే గేటులోంచి, ఒకే కారులో, ఒకేలా చెయ్యి ఊపించుకుని దాటినా చట్టం దృష్టిలో మీ స్థితి వారి స్థితి కాదు. అమెరికాలో మనవాళ్లు వలస విషయాల్లో సలహా అడిగేటప్పుడు చెప్పేవారి పాస్‌పోర్టు ఏ దేశానిదో ముందు చూసుకోకపోవడం వల్లనే చాలా చిక్కులు వస్తున్నాయని నా అభిప్రాయం.

మెక్సికో అంగీకరించే ఆ ఆధారం విషయంలో మీ కుటుంబం రెండుగా చీలిపోతుంది. గడువు తీరని అమెరికా వీసా గాని, అమెరికా శాశ్వత నివాస కార్డు గాని ఉన్న విదేశీయులు 180 రోజుల లోపు పర్యటనకు మెక్సికో వీసా తీసుకోనక్కరలేదు. మీ తల్లిదండ్రుల పదేళ్ల విజిటర్ వీసా ఇంకా చెల్లుతుంది కాబట్టి వారు ఈ మినహాయింపు కిందికి వస్తారు. మీకున్నది గడువు తీరిన వీసా, దానితోపాటు ఐ-797. అమెరికాలో ఉండి ఉద్యోగం చేయడానికి ఐ-797 ఎంత బలమైన పత్రమైనా అది వీసా కాదు. మెక్సికో మినహాయింపు కోరేది పాస్‌పోర్టులో అంటించి ఉన్న, గడువు మిగిలి ఉన్న వీసాను. మీ శ్రీమతి విషయమూ అంతే.

ఇక మీరు చదివిన ఆ పర్యాటక పత్రం గురించి. అందరూ ఎఫ్‌ఎంఎం అని పిలిచే ఈ పత్రాన్ని మెక్సికో జాతీయ వలస సంస్థ, అంటే ఐఎన్‌ఎం, జారీ చేస్తుంది. భూమార్గంలో వెళ్లి ఏడు రోజుల లోపు ఉండేవారికి రుసుము ఉండదు; అంతకు మించి ఉండేవారు చెల్లించాలి. ఆ రుసుము ఏటా మారుతుంది. 2025లో అది 861 పెసోలు. విమానాశ్రయాల్లో ఈ కాగితాన్ని దాదాపుగా ఎత్తివేసి, పాస్‌పోర్టులో ముద్ర వేసి రోజుల సంఖ్య రాస్తున్నారు. భూసరిహద్దులో మీకు కాగితం ఇచ్చినా, ముద్ర వేసి పంపినా దాని అర్థం ఒక్కటే: ఫలానా తేదీన, ఫలానా చోట, ఇన్ని రోజులకు ఈ వ్యక్తిని మెక్సికో లోపలికి రానిచ్చింది. ఐఎన్‌ఎం వెబ్‌సైటులో ఫారాన్ని ముందే నింపుకునే సౌకర్యం ఉంది గాని, సరిహద్దులో అధికారి ముద్ర పడేదాకా ఆ ప్రింటుకు విలువ లేదు. అదే ఫారాన్ని నింపిపెడతామని అదనంగా డబ్బు గుంజే ప్రైవేటు సైట్లు చాలా ఉన్నాయి. వాటి జోలికి వెళ్లకండి.

సరిహద్దు పట్టణాల్లో ఉన్నంతవరకు ఈ పత్రం అక్కరలేదని చాలామంది గట్టిగా నమ్ముతారు. దానికి కారణం కారు నిబంధన. టిహువానా, ఎన్సెనాడాలున్న బాహా కాలిఫోర్నియా ద్వీపకల్పమంతటా అమెరికా రిజిస్ట్రేషన్ ఉన్న కారుకు తాత్కాలిక దిగుమతి పర్మిట్ అక్కరలేదు. ఈ సడలింపు బండికి ఇచ్చినది. అందులో కూర్చున్న మనుషులు టిహువానాలో గంటసేపు ఆగినా, ఎన్సెనాడాలో రెండు రాత్రులు ఉన్నా, ప్రవేశాన్ని నమోదు చేయించుకోవలసిందే.

మరి ఇంత స్పష్టమైన నిబంధన ఉన్నప్పుడు ఎందుకు ఆపరు అని మీరు అడగవచ్చు. టిహువానాకు ఎదురుగా అమెరికా వైపున్న శాన్ ఇసిద్రో పశ్చిమార్ధగోళంలోకెల్లా రద్దీ ఎక్కువగా ఉండే భూసరిహద్దుల్లో ఒకటి. దాటేవారిలో అధికభాగం ఉద్యోగానికో, చదువుకో, పంటి వైద్యానికో, బంధువుల ఇంటికో రోజూ అటూ ఇటూ తిరిగే మెక్సికన్లు, అమెరికన్లు. దక్షిణం వైపు వెళ్లే ప్రతి కారునూ ఆపి పాస్‌పోర్టులు తెరిపిస్తే వరుస శాన్ డియేగో నగరం దాకా నిలిచిపోతుంది. పర్యాటకుల మీద బతికే టిహువానా, రోసారితో, ఎన్సెనాడాల వ్యాపారం దెబ్బతింటుంది. అందుకని కారు వరుసల్లో మెక్సికో వైపు ప్రధానంగా కనిపించేది కస్టమ్స్ తనిఖీ: పచ్చ దీపం వెలిగితే సాగిపోవడం, ఎర్ర దీపం వెలిగితే పక్కకు ఆపి డిక్కీ తెరవడం. వలస అధికారి ఆ వరుసలో మీ అద్దం దగ్గరికి వచ్చి నిలబడడు. ఆయన పక్కనున్న కార్యాలయంలో కౌంటరు వెనుక ఉంటాడు, మీరే కారు ఆపుకుని వెళ్లాలి. నిబంధనను పాటించే బాధ్యతను ప్రయాణికుడి మీద వదిలేసిన ఏర్పాటు ఇది. ఇది మంచి ఏర్పాటని నేను అనను. పాటించాలనుకునేవాడికి దారి కనబడకపోవడం, పాటించనివాడికి ఏ ఆటంకమూ లేకపోవడం ఏ సరిహద్దుకూ మంచిది కాదు. అయినా ఆ లోపం మీ బాధ్యతను రద్దు చేయదు.

కాలినడకన దాటే మార్గంలో పరిస్థితి వేరు. 2015 నుంచి శాన్ ఇసిద్రోలో నడిచి వెళ్లేవారికి మెక్సికన్లకు ఒకటి, విదేశీయులకు ఒకటి చొప్పున వేర్వేరు వరుసలు ఉన్నాయి. విదేశీయుల వరుసలో పాస్‌పోర్టు చూసి నమోదు చేస్తారు. కారులో వెళ్లిన మిత్రుడి అనుభవాన్ని నమ్మి నడిచి వెళ్లినవారు ఇక్కడే మొదటిసారి ఆగిపోతారు. గడువు తీరిన వీసా చూపిస్తే అక్కడినుంచే వెనక్కి పంపే అవకాశం ఉంది.

కారులో వెళితే ఆ ఆగడం గేటు దగ్గర జరగకుండా లోపలికి వాయిదా పడుతుంది. మెక్సికోలో 2011 నాటి వలస చట్టం ప్రకారం విదేశీయుడు తన చట్టబద్ధ స్థితిని తెలిపే పత్రాన్ని అధికారి అడిగినప్పుడు చూపించాలి, ఐఎన్‌ఎం రహదారుల మీద కూడా తనిఖీలు చేస్తుంటుంది. టిహువానా నుంచి కాంకూన్‌కో మెక్సికో సిటీకో దేశీయ విమానం ఎక్కేవారి పత్రాలను కూడా వలస అధికారులు అడుగుతుంటారు. దొరికినవారిని జైల్లో పెట్టే నేరం కాదిది. 2008లోనే అనుమతి లేని ప్రవేశాన్ని నేరాల జాబితా నుంచి తొలగించారు. కాని నిర్బంధ కేంద్రంలో విచారణ, జరిమానా, దేశం వదిలి వెళ్లమన్న ఉత్తర్వు – ఇవన్నీ పరిపాలనా చర్యలుగా ఇప్పటికీ ఉన్నాయి. మీ మిత్రుల్లో ఎవరైనా పట్టుబడితే బహుశా ఒక మందలింపుతోనో జరిమానాతోనో బయటపడతారు. ప్రవేశ పత్రమూ వీసా అర్హతా రెండూ లేని భారతీయుడి ఫైలు అంత తేలికగా మూతపడదు.

తనిఖీ ఎదురుకాకపోయినా, దారిలో చిన్న ప్రమాదం జరిగిందనుకోండి. అమెరికా కారు బీమా మెక్సికోలో సాధారణంగా చెల్లదు, అక్కడి బీమా విడిగా కొనుక్కోవాలి. ప్రమాదస్థలికి పోలీసులు, బీమా ప్రతినిధి వస్తారు, గుర్తింపు పత్రాలు అడుగుతారు. నాన్నగారికి రక్తపోటు పెరిగి ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చినా, పాస్‌పోర్టు పోయి పోలీసు ఫిర్యాదు ఇవ్వవలసి వచ్చినా అంతే. సాయం కోసం అధికారుల దగ్గరికి మీ అంతట మీరే వెళ్లవలసిన ఆ గడియలో, మీరు ఈ దేశంలోకి ఎలా వచ్చారో చెప్పడానికి చేతిలో ఏమీ ఉండదు. దారిలో ఎవరైనా పోలీసు లంచం అడిగితే ఎదురు నిలబడే ధైర్యం కూడా చేతిలో కాగితం ఉన్నవాడికే ఉంటుంది.

ఇక మీ తెలుగు మిత్రుడు చెప్పిన ముప్ఫై రోజుల సంగతి. అది కట్టుకథ కాదు. ఆటోమేటిక్ వీసా రీవాలిడేషన్ అనే ఆ సౌకర్యం అమెరికా ఫెడరల్ నిబంధనల 22వ సంపుటిలో 41.112(డి) కింద ఉంది. కెనడాకో మెక్సికోకో వెళ్లి ముప్ఫై రోజుల లోపు తిరిగి వచ్చేవారి దగ్గర గడువు మిగిలిన ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండవచ్చో తెలిపే ప్రవేశ రికార్డు) ఉండి, వారు అదే స్టేటస్‌లో కొనసాగుతూ ఉంటే, పాస్‌పోర్టులోని పాత వీసా తిరిగి ప్రవేశించే రోజు వరకు పొడిగించినట్టు భావిస్తారు. ఇక్కడే స్టేటస్ మార్చుకున్నవారికి ఆ పాత వీసా కొత్త స్టేటస్‌కు మారినట్టు లెక్క, కనుక మీ శ్రీమతి పాత ఎఫ్-1 వీసా కూడా పనికివస్తుంది. ఆ పర్యటనలో కొత్త వీసాకు దరఖాస్తు చేసినవారికి ఈ సౌకర్యం ఉండదు. మీరు ఎక్స్‌టెన్షన్ మీద ఉన్నారు కాబట్టి మీ తాజా ఐ-94 ఐ-797 కింది భాగంలోనే ఉంటుంది. దాని అసలు ప్రతి మీ దగ్గర ఉండాలి, ఫోనులో ఫొటో చాలదు.

మీ మిత్రుడు చూడని సంగతి ఏమిటంటే, ఇది అమెరికా తన గుమ్మం దగ్గర ఇచ్చే సడలింపు. మెక్సికోలో ప్రవేశించడానికి దీనితో ఏ సంబంధమూ లేదు. మీరు తిరిగి రావడానికి పాత వీసా సరిపోవచ్చు, వెళ్లడానికి సరిపోదు.

నేను ఇంతగా పట్టుబట్టడానికి ఇంకో కారణం కూడా ఉంది. భూమార్గంలో మీరు అమెరికా విడిచి వెళ్లినప్పుడు అమెరికా వైపు ముద్ర వేసే అధికారి ఎవరూ ఉండరు. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ప్రతి పాస్‌పోర్టునూ స్కాన్ చేస్తారు, ప్రతి ఒక్కరినీ అడుగుతారు. ఎప్పుడు వెళ్లారు, ఎన్ని రోజులున్నారు అని అధికారి అడిగితే, ముప్ఫై రోజుల లోపే ఉన్నారని చూపించడానికి మీ దగ్గర ఉండగల అతి సూటి రుజువు మెక్సికో ప్రవేశ ముద్ర. ఎవరూ అడగలేదని వదిలేసిన ఆ కాగితమే మీ రీవాలిడేషన్‌కు ఆధారమవుతుంది. పైగా, గడువు తీరిన అమెరికా వీసాతో, మెక్సికో వీసా లేకుండా, ప్రవేశ ముద్ర లేకుండా మీరు అటువైపు నుంచి వస్తే, మెక్సికోలోకి ఎలా వెళ్లారన్న ప్రశ్నకు మీ దగ్గర నిజాయితీతో కూడిన మంచి జవాబు ఉండదు. అమెరికా అధికారి ముందు తడబడే జవాబు చెప్పే పరిస్థితిని గ్రీన్‌కార్డు వరుసలో ఉన్న కుటుంబం కోరి తెచ్చుకోకూడదు.

ఏదో కారణంగా తిరిగి రానివ్వకపోతే ఏమవుతుందో కూడా ఆలోచించండి. ఒకప్పుడు మనవాళ్లు మెక్సికోలోని కాన్సులేట్లలోనే స్టాంపింగ్ చేయించుకుని వచ్చేవారు. 2025 సెప్టెంబరు నుంచి తాత్కాలిక వీసాలకు స్వదేశంలోనో, తాము నివసించే దేశంలోనో దరఖాస్తు చేసుకోవాలని అమెరికా విదేశాంగ శాఖ తేల్చి చెప్పింది. అంటే మీరు టిహువానా నుంచి భారత్‌కు వెళ్లాలి. అదే ఏడాది డిసెంబరులో హెచ్-1బీ, హెచ్-4 దరఖాస్తుదారుల సోషల్ మీడియా ఖాతాల పరిశీలన మొదలయ్యాక భారత్‌లో ఎందరివో అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వెనక్కి జరిగాయి. రెండు రాత్రుల సముద్రతీర విహారానికి మీ ఉద్యోగాన్ని, ఇంటి అద్దెను, మీ దగ్గరికి వచ్చిన పెద్దవాళ్ల క్షేమాన్ని ఇంత ప్రమాదంలో పెట్టడం నాకు సబబుగా తోచడం లేదు.

మీరు చేయవలసింది మెక్సికో కాన్సులేట్‌లో పర్యాటక వీసాకు దరఖాస్తు. అమెరికాలో చట్టబద్ధంగా నివసిస్తున్న విదేశీయులు ఇక్కడి కాన్సులేట్లలోనే దరఖాస్తు చేసుకోవచ్చు. మీకు దగ్గరలో శాంతా ఆనా, లాస్ ఏంజెలెస్, శాన్ డియేగోలలో ఉన్నాయి. అపాయింట్‌మెంట్ తీసుకుని పాస్‌పోర్టు, ఐ-797, ఐ-94, కంపెనీ లేఖ, జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు పట్టుకుని వెళ్లండి. మీ శ్రీమతి దరఖాస్తుకు వివాహ ధ్రువపత్రం జత చేయండి. కాన్సులేట్ అడిగే పత్రాల జాబితా ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది కాబట్టి దాన్ని ముందే చూసుకోండి. వీసా చేతికి వచ్చాకే హోటల్ బుక్ చేయండి.

ఆ తరువాత బయల్దేరిన రోజు శాన్ ఇసిద్రో దాటి మెక్సికో వైపున్న ఎల్ చాపరాల్ చేరేసరికి, కస్టమ్స్‌కు చూపించవలసినవి లేనివారికి ఒకటి, ఉన్నవారికి ఒకటి అని వరుసలు విడిపోతాయి. చూపించవలసిన సరుకు మీ దగ్గర లేకపోయినా రెండో రకం వరుసలోకి, అంటే ‘దెక్లరసియోన్’ అని రాసి ఉన్న దానిలోకి వెళ్లండి. అక్కడ కారు ఎలాగూ ఆపుతారు. ఆపినవారితో ‘మిగ్రసియోన్’ అని చెబితే వలస కార్యాలయం వైపు చెయ్యి చూపిస్తారు. కారు నిలిపి నలుగురూ లోపలికి వెళ్లండి, పెద్దవాళ్లను కారులో కూర్చోబెట్టి వాళ్ల పాస్‌పోర్టులు మీరు తీసుకెళ్లవద్దు. అధికారి ముద్ర వేశాక ఎన్ని రోజులని చేతితో రాశాడో కౌంటరు దగ్గర నిలబడి ఉండగానే చదవండి. మూడు రోజులు ఉండేవారికి ఏడు రోజుల ఉచిత పత్రం సరిపోతుంది. ప్రతి పాస్‌పోర్టులో ముద్ర పడిందో లేదో అక్కడే చూసుకుని, ముద్ర ఉన్న పేజీలను ఫోనుతో ఫొటో తీసుకోండి. కాగితం ఇస్తే దాన్ని తిరుగు ప్రయాణం దాకా భద్రంగా ఉంచి, వచ్చేటప్పుడు ఐఎన్‌ఎం కార్యాలయంలో అప్పగించాలి. అదీ ఎవరూ అడగరు, మీరే వెళ్లి ఇవ్వాలి.

ఈ సమాధానం చదివే ఇతరుల్లో ఐ-485 పెండింగులో ఉన్నవారు, స్టేటస్ మార్పు దరఖాస్తు ఇంకా తేలనివారు దీన్ని చూసుకుని ప్రయాణం పెట్టుకోవద్దు. దేశం దాటితే ఆ దరఖాస్తులను వదులుకున్నట్టు పరిగణించే సందర్భాలు ఉన్నాయి, న్యాయవాదిని అడిగాకే కదలండి.

చివరగా మీ అమ్మానాన్నల ఆరు నెలల ఆశ గురించి. మెక్సికోకో కెనడాకో కొద్ది రోజులు వెళ్లి వచ్చినంత మాత్రాన విజిటర్ల గడువు మళ్లీ మొదటినుంచి మొదలుకాదు. మొదట ఇచ్చిన ఐ-94లో మిగిలిన రోజులకే సాధారణంగా తిరిగి రానిస్తారు. గడువు పెంచుకోవడానికే సరిహద్దు దాటి వచ్చారన్న అనుమానం అధికారికి కలిగితే వారి పదేళ్ల వీసాకే చేటు. నిజంగా ఇంకా ఉండవలసిన అవసరం ఉంటే, గడువు ముగియక ముందే కారణం రాసి ఐ-539 ఫారంతో పొడిగింపు కోరడమే సరైన మార్గం. ప్రయాణం ముగించుకుని ఇల్లు చేరాక నలుగురి ఐ-94 వివరాలనూ సరిహద్దు భద్రతా సంస్థ సీబీపీ వెబ్‌సైటులో తెరిచి చూడండి. కొత్త తేదీ పడి ఉంటే అది మీ పాత తేదీకన్నా ముందుందా అని సరిపోల్చుకోండి. పాస్‌పోర్టు గడువు దగ్గరపడినవారికి ఆ తేదీ వరకే ఇవ్వడం మామూలు. అలా కురచగా పడి ఉంటే ఆ వారంలోనే కంపెనీ న్యాయవాదికి తెలియజేయండి.